గుమ్మగెడ్డకు సున్నా లీటర్లు

పాలగండి పశువైద్య శాఖ ఆఫీసులో తవిటయ్య డ్రైవరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. ఈ ఇరవై రెండేళ్లలో డాక్టర్లు తొమ్మిదిమంది మారారు, జీపులు మూడు మారాయి, తవిటయ్య మాత్రం మారలేదు. పైవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడినా "అలాగేనండి బాబూ" అనేవాడు, తను చెయ్యాల్సిన పని తను చేసుకుపోయేవాడు. అందుకే అతని మీద ఒక్క మెమో కూడా లేదు. మనుషులతో ఇంత సఖ్యంగా నెట్టుకొచ్చినవాడికి యాభై ఏడో ఏట గాలితో తగువొచ్చి పడింది.

తగువుకు మూలం బండి. కొండల్లో పశువులకు వైద్యం అందడం లేదని శాఖవారు మూడేళ్ల కిందట ఒక పికప్ బండి కొన్నారు. కొన్న ఆరు నెలలకు దాని వెనక తొట్టి మీద తెల్లరేకుల గదొకటి దింపి బోల్టులు బిగించారు. గదిలో డాక్టరు పడుకోడానికి మంచం, మందుల బీరువా, నీళ్ల డ్రమ్ము, గోడకు మడిచే బల్ల, టీకాలు చల్లగా ఉంచే ఐసుపెట్టె ఉండేవి. దానికి సంచార పశువైద్యశాల అని పేరు పెట్టారు. దూరం నుంచి చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ, సామానుతో పాటు ఇంటిని కూడా ఎక్కించుకుని పోతున్నట్టుండేది.

ఆ బండి కోసం ఎదురుచూసే ఊళ్లలో గుమ్మగెడ్డ ఒకటి. పాలగండికి నైరుతిగా పద్దెనిమిది కిలోమీటర్లు, అందులో ఆఖరి ఏడూ కొండ ఎక్కుడు. తొలకరి జల్లులు పడగానే అక్కడి పశువులకు గొంతువాపు వస్తుంది. సాయంత్రం గొంతు వాచిన ఆవు తెల్లారేసరికి ఉండదు. వానలకు ముందే టీకా వేస్తే రోగం దగ్గరికి రాదు. కిందటేడు టైర్ల ఫైలు కదలక బండి కదల్లేదు. గుమ్మగెడ్డలో నలభై ఒక్క పశువులు పోయాయి. బిడ్డిక సుక్కన్న అనే రైతుకు ఒకే రోజున ఆవూ, చూడి పెయ్యా పోయాయి. ఈ ఏడు కొత్తగా వచ్చిన డాక్టరు శైలబాలతో తవిటయ్య మొదటి రోజే ఆ సంగతి చెప్పాడు. సుక్కన్న సంతకు దిగినప్పుడు అతనికీ మాట ఇచ్చాడు.

"ఈపాలి వానకి ముందే డాక్టరమ్మని నేను అట్టుకొస్తాను. మరి బెంగెట్టుకోకు."

అలా మాటిచ్చిన పదో రోజున పైనుంచి సర్క్యులర్ దిగింది. ఇంధన పొదుపు మహోద్యమం మొదలైందనీ, శాఖలో ప్రతి వాహనమూ తన నిర్ణీత మైలేజిని తు.చ. తప్పక ఇచ్చి తీరవలెననీ దాని సారాంశం. ఈ పికప్‌కు నిర్ణీత మైలేజి లీటరుకు పద్నాలుగు. అది ఇస్తున్నది ఆరు.

ఉద్యమాన్ని నడపడానికి ఒక పర్యవేక్షక సంఘం, సంఘానికి పరిపూర్ణానందం గారనే అధ్యక్షుడు ఏర్పడ్డారు. ఆయన పాలగండి వచ్చి, బండిని చూడకుండానే తవిటయ్యను పిలిపించారు. పక్కన హెడ్ గుమాస్తా కూర్మారావు లాగ్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాడు.

"లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు కనిపించడం లేదు. ఎక్కడున్నాయి?" అన్నారు పరిపూర్ణానందం గారు.

"గాలి అడ్డొస్తాదండి బాబూ," అన్నాడు తవిటయ్య. "గది మొకం గోడలాగుంటాది. నలభై స్పీడు దాటినామంటే గాలి ఎనక్కి తోసేస్తాదండి. దాంతో కొట్లాటకే సగం డీజిలు అయిపోతాది. ఆపైని బరువు, ఆపైని కొండ."

"గాలి మన శాఖ అజమాయిషీలో లేదు. దానిని సంజాయిషీ కోరే అధికారం నాకు లేదు. నీ విషయంలో ఆ అధికారం ఉంది."

డాక్టరు శైలబాల కల్పించుకుంది. "సార్, పద్నాలుగు వస్తుందని పరీక్ష చేసి రాసిన రోజున ఈ బండి మీద గది లేదు. ఖాళీ బండికి కట్టిన లెక్క అది."

పరిపూర్ణానందం గారు జాలిగా నవ్వారు. "చూడండి డాక్టరు గారూ, నిర్ణయం ముందు వచ్చింది, గది తరువాత వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని లోకంలో అంటారు. అది పశువుల్లో చెల్లుతుంది. ఆఫీసులో చెవులదే సీనియారిటీ."

పశువైద్య శాఖలో ఆ సామెతకు అంతకన్నా గొప్ప వ్యాఖ్యానం ఇంకెవరూ చేయలేదని కూర్మారావు పొంగిపోయాడు.

మరుసటి వారం సంఘం తరఫున ఒక నిపుణుడు దిగాడు. ఆయన గది చుట్టూ ఎర్ర రిబ్బన్లు కట్టించి, బండిని హైవే మీద పరిగెత్తించి, తను మోటారుసైకిలు మీద పక్కనే వస్తూ రిబ్బన్లు ఎటు ఎగురుతున్నాయో కాగితం మీద రాసుకున్నాడు. పెళ్లివారి బండి అనుకుని దారిలో ఇద్దరు చెయ్యెత్తి ఆపబోయారు. నిపుణుడు అరవై పేజీల నివేదిక ఇచ్చాడు. గది లేనిచో గాలి నిరోధము గణనీయముగా తగ్గునని అందులో తేలింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు గాని, ఈయన ఆ ఎలుకను తవిటయ్య దగ్గరే అప్పు తీసుకుని పట్టాడు.

గది తీసెయ్యడానికి పై అనుమతులు కావాలి గనక, ముందుగా బరువు తగ్గించమన్నారు. మంచం దించారు. డ్రమ్ము దించారు. బల్ల ఊడదీశారు. స్టెప్నీ టైరు, జాకీ, పానాల సంచీ దించారు. తవిటయ్య క్యారేజీని, అందులో అన్నంతో సహా, తూచి దించారు. కూర్మారావు త్రాసు పట్టుకుని తవిటయ్య చెప్పుల వైపు చూసేసరికి, అతను తనంతట తానే విప్పేశాడు. ఐసుపెట్టె దగ్గరికి వచ్చేసరికి శైలబాల అడ్డం నిలబడింది.

"కావాలంటే నన్ను దించండి. దీని మీద చెయ్యి వెయ్యనివ్వను."

ఆ సూచన సంఘానికి నచ్చింది. డాక్టరు బరువు యాభై తొమ్మిది కిలోలు కాబట్టి ఇకమీద డాక్టరు బస్సులో ప్రయాణించవలెనని ఉత్తర్వు వేశారు. గుమ్మగెడ్డకు బస్సు లేదని ఆమె రాసింది. ఆ విషయం రవాణా శాఖ పరిధిలోనిదని వారు జవాబు రాశారు. ఇంత చేసినా మైలేజి ఆరు నుంచి ఆరు పాయింటు మూడుకు పెరిగింది. ఆ పాయింటు మూడూ తన చెప్పులేనని తవిటయ్యకు గట్టి నమ్మకం.

మే నెల వచ్చింది. ఎండలు మండుతున్నాయి. టీకాలు జిల్లా కేంద్రం నుంచి వచ్చి ఐసుపెట్టెలో కూర్చున్నాయి. వాటిని మోటారుసైకిలు మీద పట్టుకుపోదామని శైలబాల అంటే, సంచార వైద్యశాల గది దాటి టీకాలు బయటికి పోరాదని ఇంకో నియమం ఉందని కూర్మారావు చూపించాడు. అంటే గది కొండెక్కాలి, లేదంటే టీకా ఎక్కదు.

"బాబూ, వానలు దగ్గిరికొచ్చేస్తన్నాయండి. ఒక్కపాలి ఎల్లొచ్చేస్తానండి," అని తవిటయ్య పరిపూర్ణానందం గారిని బతిమాలుకున్నాడు.

ఆయన గోడ మీది జిల్లా పటం దగ్గరికి నడిచారు. "వాహనం గాలికి అనుకూల దిశలో మాత్రమే ప్రయాణించవలెనని నిన్ననే తీర్మానించాం. ప్రస్తుతం గాలి నైరుతి నుంచి వీస్తోంది. నీ గ్రామం నైరుతిలోనే ఉంది. కనుక ఇప్పుడు వెళ్లడం గాలికి ఎదురుపోవడం అవుతుంది. ఈశాన్యపు గాలి వచ్చాక, కార్తీక మాసంలో నిరభ్యంతరంగా వెళ్లవచ్చు."

"అప్పటికి టీకా ఎయ్యడానికి పసువులుండాల కదండి?"

"అప్పటి లబ్ధిదారుల సంఖ్యను అప్పుడు నిర్ధారిస్తాం. మరొక అంశం. ఏడు కిలోమీటర్లు ఎక్కుతున్నప్పుడు మైలేజి దారుణంగా ఉంది. దిగుతున్నప్పుడు ప్రశంసనీయంగా ఉంది. ఎక్కడం తగ్గించి దిగడం పెంచవలసింది."

తవిటయ్య కాసేపు ఆలోచించాడు. "ఎక్కకండా ఎలాగ దిగుతామండి?"

"అది క్షేత్రస్థాయి సమస్య," అన్నారు పరిపూర్ణానందం గారు.

అసలే అంతంతమాత్రంగా ఉన్న ఆశ మీద ఆ నెలాఖరుకు ఇంకో దెబ్బ పడింది. గది తియ్యడానికి అనుమతి వచ్చింది. బోల్టులు విప్పి, పదిమంది కలిసి గదిని దించి, ఆఫీసు ఆవరణలో ఇటుకల మీద నిలబెట్టారు. పాత పేరు మార్చాలంటే మళ్లీ అనుమతి కావాలి. అందుకని కూర్మారావు ఉన్న బోర్డుకే ముందొక ముక్క రాయించాడు. అలా పాలగండిలో స్థిర సంచార పశువైద్యశాల వెలిసింది. ప్రారంభోత్సవంలో పరిపూర్ణానందం గారు రిబ్బను కత్తిరించి మాట్లాడారు.

"ఇంతకాలం వైద్యశాల పశువుల వద్దకు వెళ్లేది. ఇకమీదట పశువులు స్వశక్తితో వైద్యశాల వద్దకు విచ్చేస్తాయి. మిత్రులారా, పశువు డీజిలు తాగదు!"

చప్పట్లు కొట్టారు. పొదిగే కోడిలా గది ఇటుకల మీద కదలకుండా కూర్చుంది.

గది దిగాక పికప్ పద్నాలుగు పాయింటు రెండు ఇచ్చింది. ఆరోజు ఆఫీసులో మిఠాయిలు పంచారు. కాని కూర్మారావు లెక్క కట్టి చూస్తే, గడిచిన రెండు నెలల ఆరులూ కలిసి సగటును ఇంకా తొమ్మిది దగ్గరే పట్టి లాగుతున్నాయి. సగటు పైకి రావాలంటే బండి ఖాళీగా బాగా తిరగాలి. కనుక తవిటయ్య రోజూ హైవే మీద అరవై కిలోమీటర్లు పోయి, మళ్లీ అరవై కిలోమీటర్లు రావాలని ఉత్తర్వు వేశారు.

అతను పోయాడు. మర్నాడూ పోయాడు. మనిషి గాని, సామాను గాని ఎక్కించకూడదు. హైవే పక్కన టీ కొట్టతను నాలుగో రోజున ఉండబట్టలేక అడిగాడు.

"రోజూ ఎక్కడికెల్తన్నావు మాఁవా?"

"ఎక్కడికీ నేదు. సగటుకి."

వారం తిరిగేసరికి తవిటయ్యకు ఒళ్లు మండింది. అతనికి చదువు ఏడో తరగతే గాని లెక్క వచ్చు. గదితో గుమ్మగెడ్డ వెళ్లి రావడానికి ఆరు లీటర్లు. ఈ ఉత్తుత్తి తిరుగుడుకు రోజుకు ఎనిమిదిన్నర. ఆ మాటే వెళ్లి పరిపూర్ణానందం గారితో అన్నాడు. ఇరవై రెండేళ్లలో అతను పైవాళ్ల దగ్గర గొంతు పెంచడం అదే మొదలు.

"రోజూ తగలేసే డీజిలుతో కొండకి ఎల్లొచ్చి ఇంకా రెండున్నర లీటర్లు మిగిల్చీగలనండి! ఇదేటి పొదుపండి బాబూ?"

ఆయనకు కోపం రాలేదు. పిల్లవాడికి ఎక్కాలు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "మనం పొదుపు చేస్తున్నది డీజిలును కాదయ్యా, సగటును."

జూన్ మొదటి వారంలో సంత నాడు సుక్కన్న కొండ దిగి వచ్చాడు. ఊరివాళ్లంతా కలిసి చింతపండు, పసుపు ఆరు బళ్లకు వేసుకుని వచ్చారు. సరుకు దింపి, అతను ఆఫీసుకు వచ్చి ఇటుకల మీది గది చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేటి, ఇక్కడుండిపోనాది?"

శైలబాల తలవంచుకుని సంగతి చెప్పింది. పశువుల్ని ఇక్కడికే తోలుకు రాగలరా అని అడిగింది.

"దుక్కిటెద్దులైతే దిగుతాయి డాక్టరమ్మా. సూడావులు దిగుతాయా? దూడలు పద్దెనిమిది కిలోమీటర్లు నడుస్తాయా? దిగినా మల్లా ఎక్కాల కదా." సుక్కన్న ఆకాశం వైపు చూశాడు. "సీమలు గుడ్లు మోసీసుకుంటన్నాయి. నాలుగైదు దినాల్లో వోన పడతాది. నాకు ఇంక ఒక్కావే ఉంది."

తవిటయ్యకు తల కొట్టేసినట్టయింది. మాట ఇచ్చింది తను. గాలి ఇవ్వలేదు, పరిపూర్ణానందం గారు ఇవ్వలేదు. ఆవరణ బయట కాడి దించిన పన్నెండు ఎద్దులూ నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క జతనే లెక్కపెట్టి, శైలబాల వైపు తిరిగాడు.

"డాక్టరమ్మా, గది తీసీమన్న ఆర్డరులో ఏటి రాసినారో మల్లా ఒక్కపాలి సదవండి."

ఆమె చదివింది. 'గది బిగించి ఉండగా వాహనపు ఇంజనును నడపరాదు.'

"ఇంజనునే కదండి?"

"ఇంజనునే." ఆమెకు అర్థమై, నవ్వాగక కుర్చీలో కూలబడింది.

మర్నాడు పొద్దున్న గది మళ్లీ బండెక్కింది. ఊరివాళ్లు పికప్ ముందు మోకులు కట్టి ఆరు జతల ఎద్దుల్నీ పూన్చారు. తవిటయ్య తాళం తీసి కూర్మారావు బల్ల మీద పెట్టి, తాళం లేకపోతే స్టీరింగు బిగుసుకుంటుందని గుర్తొచ్చి మళ్లీ తీసుకున్నాడు. ఇంజను మాత్రం ముట్టుకోలేదు. బండి కదిలింది. పాలగండి బజారు బజారంతా బయటికొచ్చి చూసింది. నడవలేని ముసలి పెద్దను నలుగురూ తీర్థానికి తీసుకుపోతున్నట్టు ఎద్దులు ఆ పికప్‌ను మెల్లగా లాక్కుపోయాయి.

గాలి ఎదురుగానే వీచింది. గంటకు రెండు కిలోమీటర్లతో పోయే బండి మీద అది ఏం జులుం చెయ్యగలదు? కొండ మొదలయ్యాక పది బారలకోసారి ఆగారు. ఆగినప్పుడల్లా చక్రాల కింద రాళ్లు పెట్టారు. శైలబాల దిగి నడిచింది. తవిటయ్య స్టీరింగు పట్టుకుని, చెప్పుల్లేని కాలు బ్రేకు మీద పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి గుమ్మగెడ్డ చేరారు.

మొదటి టీకాలు లాక్కొచ్చిన పన్నెండు ఎద్దులకే వేశారు. సాయంత్రానికి నూట ఎనభై, మర్నాటికి మొత్తం మూడు వందల పన్నెండు పశువులకు పడ్డాయి. ఆఖరున సుక్కన్న తన ఆవును పట్టుకొచ్చి, సూది గుచ్చుతుంటే దాని కళ్లకు తన చెయ్యి అడ్డం పెట్టాడు. తవిటయ్యకు ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఎవరూ చూడకుండా పక్కకు పోయి కళ్లు తుడుచుకున్నాడు. దిగేటప్పుడు ఎద్దుల్ని బండి వెనక కట్టి, అది దొర్లిపోకుండా పట్టి దింపారు. బండి పాలగండి చేరిన మూడో నాడు కొండల మీద వాన పడింది.

లాగ్‌బుక్కులో తవిటయ్య ఉన్నదున్నట్టు రాశాడు. ప్రయాణం ముప్పై ఆరు కిలోమీటర్లు. డీజిలు సున్నా లీటర్లు.

కూర్మారావు ముప్పై ఆరును సున్నాతో భాగించబోయాడు. మిషను ఒప్పుకోలేదు. మనిషి మిషను కన్నా గొప్పవాడు గనక చేత్తో చేశాడు. సున్నాతో ఏం చేసినా సున్నాయేనని చిన్నప్పుడు మేష్టారు చెప్పింది అతనికి బాగా గుర్తు. మైలేజి గడిలో సున్నా వేసి పైకి పంపాడు.

పరిపూర్ణానందం గారు హుటాహుటిన వచ్చారు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి శాఖలో ఏ బండీ ఇంత నీచమైన మైలేజి ఇవ్వలేదు.

"సార్, ఇది సున్నా కాదు," అంది శైలబాల. "ఒక్క చుక్క లేకుండా ముప్పై ఆరు కిలోమీటర్లు తిరిగింది. దీనికి అంతు లేదు. అనంతం."

ఆయన ఫారం తీసి పరిశీలించారు. "ఈ గడిలో రెండంకెలు, ఒక దశాంశం మాత్రమే పడతాయి. అనంతం పట్టదు."

"పోనీ, మూడు వందల పన్నెండు పశువులకి టీకా ఏసినామని ఎక్కడైనా రాయండి బాబూ," అన్నాడు తవిటయ్య.

ఆయన ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. వెనక వైపు కూడా చూశారు. "ఆ గడి లేదు."

తవిటయ్యకు జీవితంలో మొదటి మెమో వచ్చింది. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు రావలసిన చోట సున్నా వచ్చినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. అతను తొందరపడలేదు. అడిగి అడిగి గడువు పొడిగించుకుని, వానాకాలమంతా ఆగాడు. ఆశ్వయుజంలో సుక్కన్న సంతకు వచ్చి సంగతి చెప్పిన రోజున, పెట్రోలు బంకులో కూర్చుని, తన చేత్తో తనే రాశాడు.

'అయ్యా, గుమ్మగెడ్డలో కిందటి ఏడు వానలకి నలభై ఒక్క పశువులు చచ్చిపోయినాయి. ఈ ఏడు ఒక్కటీ చావలేదు. ఒక్క దూడ కూడా చావలేదు. దానికి నేనే కారణం. ఏ శిక్ష వేసినా సరే. చిత్తగించవలెను.'

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. శైలబాల అతనికి చదివి వినిపించింది.

'డ్రైవరు తవిటయ్య సమర్పించిన సంజాయిషీ పరిశీలించడమైనది. అందులో ఇంధనమును గూర్చి ఒక్క మాట లేదు. పశువుల ప్రసక్తి ఈ శాఖకు అప్రస్తుతము. సంజాయిషీ తృప్తికరముగా లేదు.'

కింద పరిపూర్ణానందం గారి సంతకం, సంతకం మీద ఊదారంగులో శాఖవారి గుండ్రటి ముద్ర ఉన్నాయి. ముద్ర మధ్యలో ఒక ఆవు, దాని పొదుగు దగ్గర దూడ ఉన్నాయి.